తిరిగేదైతే ఆపకు, తిరగనిదైతే ఉంచకు

నెల కావస్తోంది మా మాస్టారు పోయి. పొద్దున్న టిఫిను తిని, చేయి కడుక్కుంటూ కుళాయి దగ్గరే కూలబడిపోయారట. ఆటో వచ్చేలోపే అయిపోయిందని ఆయన భార్య, నేను పిన్నిగారు అని పిలిచే ఆవిడ, ఫోన్లో చెప్పారు. అప్పుడు నేను విశాఖపట్నంలో ఆఫీసు లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, పైకి పోయింది. మళ్ళీ వచ్చింది. "అమ్మీ, ఇన్నావా?" అని పిన్నిగారు రెండుసార్లు అడిగాక గాని నాకు నోరు పెగల్లేదు. పెగిలాక వచ్చిన మాటైనా ఏం మాట! "షాపు తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాను. ఎందుకలా అడిగానో నాకే తెలీదు. పిన్నిగారు మాత్రం అదే సరైన ప్రశ్న అన్నట్టు, "నా కొంగుకే ఉన్నాది" అన్నారు.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. విజయనగరంలో గంటస్తంభానికి నాలుగు వీధుల అవతల, ఇంటి మేడ మీద ఒంటి గదిలో, పాడైపోయిన హార్డ్ డిస్కుల్లోంచి జనం పోగొట్టుకున్నవి తీసి ఇచ్చేవారు. అంతకు ముందు రేడియోలు బాగుచేశారు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. ఎవరు మొదట మాస్టారు అన్నారో గాని, సొంత భార్యతో సహా అందరికీ ఆయన మాస్టారే.

నేను కస్టమరుగానే వెళ్ళాను. బీటెక్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఉన్న డిస్కు మంచం మీంచి కింద పడింది. కొత్తవలసలో రైలెక్కి, దాన్ని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన దాన్ని బాగుచేస్తుంటే పక్కన నిలబడి చూశాను. మర్నాడు పని లేకపోయినా మళ్ళీ వెళ్ళాను. అలా మూడేళ్ళు వెళ్ళాను. "బీటెక్కు సదివి డొక్కు డబ్బాలు ఇప్పుకుంటావేటే? అడిగినోళ్ళకి ఏటని సెప్పాల నాను?" అని మా అమ్మ రోజూ సతాయించేది. ఏమని చెప్పాలో నాకూ తెలియదు. ఏ పనిలోనూ ఆర్నెల్లు నిలవని దాన్ని నేను. ఆ గదిలో మాత్రం నిలిచాను.

హార్డ్ డిస్కు లోపల అద్దాల్లా మెరిసే పళ్ళేలుంటాయి. గిర్రున తిరిగే ఆ పళ్ళేల మీద, వెంట్రుక మందం కూడా లేని ఎత్తులో, రాతను చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. ఒక్క దుమ్ము రేణువు పడితే చాలు, అంతా గీసుకుపోతుంది. అందుకని మాస్టారు పాత చేపల తొట్టికి చేతులు దూర్చే కన్నాలు చేయించి, దాన్ని బోర్లించి, అందులోనే మూతలు విప్పేవారు. విప్పే ముందు ఫ్యాను కట్టేసేవారు. మే నెలలో కూడా. చెమట కంట్లోకి దిగుతుంటే నేను తుండుగుడ్డతో ఆయన నుదురు తుడవాలి. అదే నా మొదటి ఉద్యోగం.

గదిలో ఒక ఇనప బీరువా ఉండేది. దాని నిండా చచ్చిపోయిన డిస్కులే. ఏ కంపెనీది, ఏ నెలలో తయారైంది అని చీటీలు అంటించి వరసగా పేర్చేవారు. ఒక డిస్కు ముల్లు విరిగితే, అదే నెలలో పుట్టిన ఇంకో డిస్కులోంచి ముల్లు తీసి దీనికి పెట్టాలి. ఒకసారి నేను దాన్ని శవాల బీరువా అన్నాను. మాస్టారికి కోపం వచ్చింది. "శవాలేటే? దాతలు" అన్నారు.

ఏ కస్టమరుకీ ఆయన వస్తుందని గాని రాదని గాని చెప్పేవారు కాదు. "సూద్దాం" అనేవారు. పెళ్ళి వీడియో పోగొట్టుకుని వచ్చిన ఒక స్టూడియో అతను మండిపడ్డాడు. "డాక్టర్లే మీకంటే నయం మాస్టారూ. కనీసం అబద్ధమైనా సెప్తారు. అవతల పెళ్ళికూతురు తండ్రి కర్రట్టుకుని కూకున్నాడు!" మాస్టారు చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగి, "అయితే నువ్వూ ఇక్కడే కూకో. కర్ర ఇంత దూరం రాదు" అన్నారు. ఆయన టీ ఎప్పుడూ చల్లారాకే తాగేవారు. వేడిగా ఉన్నప్పుడు చేతులు ఖాళీ ఉండేవి కావు.

చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆయన మొదటి పరీక్ష. "డిస్కు ముందే సెప్తాదమ్మీ. టిక్కుమంటాది, గీరుతాది, మూలుగుతాది. ఇనే ఓపిక మనకే నేదు." ఇంకో మాట రోజుకు ఒకసారైనా అనేవారు: "తిరుగుతున్నదాన్ని ఆపకు. ఆపితే మళ్ళీ తిరుగుతాదని ఎవడూ రాసివ్వలేడు." చావు బతుకుల్లో ఉన్న డిస్కు ఒక్కోసారి ఉన్నట్టుండి మామూలుగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు తిండి మానేసైనా దగ్గర కూర్చుని ఉన్నదంతా కాపీ చేసుకోవాలి. ఒక సర్వేయరు గారి డిస్కు అలా మూడు రోజులు తిరిగింది. ఆ మూడు రోజులూ గదిలో ఎవరినీ గట్టిగా నడవనివ్వలేదు. క్యారేజీ పట్టుకొచ్చిన పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయి, "పురిటి గదిక్కూడా ఇంత కట్టడి నేదు, సూడు" అని నవ్వారు. మూడో రోజు సాయంత్రం ఆఖరి ఫైలు వచ్చిన నిమిషానికే డిస్కు ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ మాట నాకు వేదమైపోయింది. నా చేతులకు కూడా.

తర్వాత ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. కొత్త రకం డిస్కులు. పళ్ళేలు లేవు, ముల్లు లేదు, తిరిగేదేదీ లేదు. అన్నీ చిప్పులే. మొదటిది ఒక లెక్చరరు గారి ల్యాప్‌టాప్‌లోంచి వచ్చింది. వేలెడు పొడవు, రేకంత పలచన. మాస్టారు అలవాటుగా దాన్ని చెవి దగ్గర పెట్టుకున్నారు. "ఏటే ఇది? పలకదు" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నిన్నటిదాకా పనిచేసి ఇవాళ హఠాత్తుగా పోయిందని లెక్చరరు గారు చెప్పారు. ముందు ఒక్క మూలుగు కూడా లేదట.

మధ్యాహ్నాలు నేను వాటి గురించి ఇంగ్లీషులో ఉన్నది చదివి తెలుగులో చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. "మళ్ళీ సదువు" అనేవారు. పాత డిస్కులో ఫైలు చెరిపేస్తే నిజానికి చెరిగేది దాని పేరు మాత్రమే. రాత అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకోటి పడేదాకా. మా పనంతా ఆ సందులోనే బతికింది. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. ఫలానా చోటు ఖాళీ అయిందని కంప్యూటరు చెప్పగానే, డిస్కు తనంతట తనే ఆ చోటును తుడవడం మొదలుపెడుతుంది. ఇది కస్టమర్లకు చెప్పడానికి మాస్టారు ఒక పోలిక కనిపెట్టారు. "పాతది ఎలగంటే, అద్దెకున్నోడు సామాన్లొదిలీసి పేరొక్కటే పీకీసుకుని యెళ్ళిపోయినట్టు. మనం కిటికీలోంచి దూరి తెచ్చీవోళ్ళం. కొత్తది ఎలగంటే, ఆడు గుమ్మం దిగీసరికే ఇంటిగలోడు సీపురట్టుకుని దిగిపోతాడు."

"ఆ ఊడ్సీవోడు ఎంతసేపు ఊడుస్తాడే?" అని నన్ను అడిగారు ఒకరోజు.

"కరెంటు ఉన్నంతసేపూ మాస్టారూ. తీరిక దొరికినప్పుడల్లా."

"అయితే కరెంటు తీసీడమే మందు. బాగా పనిసేస్తన్నదాన్ని ఆపీమంటన్నావు." ఆ రూలు నేనే పెట్టినట్టు నా వంక అదోలా చూశారు.

ఆ ఏడాది పని మెల్లగా మారిపోయింది. కొత్త డిస్కులకు దాత డిస్కులు పనికిరావు. చిప్పులు విడదీసి చదివినా లోపలి రాతకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఇంకో చిప్పులో ఉంటుంది, ఆ చిప్పే చచ్చిపోయి ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలోనూ ఫోన్లలోనూ అయితే వాటిని బోర్డుకే అతికేస్తున్నారు. లోపలికి దారి కావాలంటే తయారుచేసినవాళ్ళ రహస్యాలు కావాలి. అవి పెద్ద ఊళ్ళ పెద్ద ల్యాబులకు కొన్ని దొరుకుతాయి, మేడ మీద చేపల తొట్టికి దొరకవు. "ఇది సెయ్యి పని కాదమ్మీ ఇంక. పర్మిషను పని" అన్నారు మాస్టారు. ఇనప బీరువా తెరిచే రోజులు తగ్గాయి. వచ్చినవాళ్ళకు లేదు, రాదు, ఏమీ చెయ్యలేం అని చెప్పడమే పనైపోయింది. నా లెక్కలో అది డిస్కు విప్పడం కంటే అలిసిపోయే పని. సాయంత్రం రైల్లో కిటికీకి తల ఆనించుకుంటే, ఆ రోజు ఎంతమంది మొహాలు నా ముందు వాడిపోయాయో ఒక్కొక్కటే గుర్తొచ్చేది. "సూద్దాం" అనే మాట మాస్టారి నోట వినపడటం మానేసింది. దాని బదులు, వచ్చిన ప్రతివాళ్ళనీ "ఇంకో కాపీ ఉందా?" అని అడిగేవారు. పోయినదాని కోసం కాకపోయినా, ఇంట్లో మిగిలిన వాటికైనా కాపీ తీసి పెట్టుకోండని బతిమాలేవారు. జనం నవ్వి వెళ్ళిపోయేవారు.

ఇక నర్సమ్మగారి సంగతి చెప్పాలి. ఇది చెప్పకుండా మాస్టారి గురించి రాయడం నాకు చేతకాదు.

ఆవిడ మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. బొబ్బిలి దగ్గర పల్లె. తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. చుట్టుపక్కల చర్చిల్లో ముసలమ్మలు నాట్లు వేస్తూ పాడుకునే పాటలు కొన్ని ఉంటాయి. అచ్చయిన పాటల పుస్తకంలో అవి ఉండవు. ఒక పాటలో పేతురు వల వేసేది వేగావతి ఏట్లోనట. ఆవిడ ఊరూరా తిరిగి ఆ ముసలమ్మల చేత పాడించి, రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నారు. వందకు పైనే పాటలు. ల్యాప్‌టాప్ నెమ్మదించిందని ఊళ్ళో ఒక షాపులో ఇస్తే వాళ్ళు ఫార్మాట్ కొట్టేశారు. లోపలున్నది ఎస్‌ఎస్‌డీ.

తెలిసిన గంటలోనే ఆవిడ బస్సెక్కి మా దగ్గరకు వచ్చారు. "సూడమ్మా, నానేటీ ముట్టుకోనేదు. కట్టీసి తెచ్చీసినాను" అన్నారు. చెయ్యవలసింది సరిగ్గా అదే. అది ఆవిడ చేశారు. నేను చెయ్యలేదు.

మాస్టారు ఆ రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళారు. సాయంత్రందాకా ఆగి ఉండాల్సింది. పనికొచ్చే మనిషిననిపించుకోవాలన్న ఆత్రం కొద్దీ డిస్కు తీసి కంప్యూటరుకు తగిలించాను. ఏమీ కనపడలేదు. ఇంకా లోతుగా వెతకమని పెట్టాను. అయిదు గంటలు పడుతుందంది. ఆపేద్దామా అని స్విచ్చు మీదకు చేయి పోయింది. పోయి, వెనక్కి వచ్చేసింది. ఆపకు, మళ్ళీ తిరగదు. అక్కడ తిరిగేదేదీ లేదని నాకు తెలుసు. కరెంటు ఉన్నంతసేపూ తుడుస్తుందని ఆయనకు చదివి చెప్పింది నేనే. అయినా మూడేళ్ళ అలవాటు చేతిలో ఉంది, చదువు నోట్లోనే ఉంది. ఆవిడను బస్సెక్కించి వచ్చి, బాక్సు తెరిచి అన్నం తిన్నాను.

నాలుగింటికి మాస్టారు నల్లకళ్ళద్దాలతో మెట్లెక్కి వచ్చారు. బల్ల మీద చిన్న పచ్చ లైటు చూశారు.

"ఎప్పట్నించే?"

"పదకొండు నుంచి."

వైరు పట్టుకుని పీకేశారు. ఆయన అలా పీకడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత కుర్చీలో కూర్చుని, అద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. డాక్టరు వేసిన చుక్కల మందు కారుతోంది. అలాగే అనుకున్నాను.

డిస్కును చెన్నైలో ఒక పెద్ద ల్యాబుకు పంపారు. మూడు వారాలకు జవాబొచ్చింది: అన్నీ సున్నాలే. ఫార్మాట్ కొట్టిన క్షణంలోనే పోయాయా, ఆ అయిదు గంటల్లో పోయాయా? వాళ్ళు చెప్పలేకపోయారు. నాకు ఎప్పటికీ తెలియదు.

నర్సమ్మగారు వచ్చినప్పుడు మాస్టారు లేచి నిలబడ్డారు. "నా దగ్గరే పోనాదమ్మా. ఎంటనే కరెంటు తీసీవలసింది. తీయనేదు" అన్నారు. నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఆవిడ ల్యాప్‌టాప్ సంచి తాడు వేలికి చుట్టుకున్నారు. అరవకుండానే, "ఆ పాడినోళ్ళలో ఏడుగురు సమాధుల తోటలో ఉన్నారు బాబూ. ఆళ్ళని రెండోసారి పూడిసీసినావు" అని మెట్లు దిగిపోయారు.

ఆవిడ వెళ్ళాక నేను ఏడుస్తూ దెబ్బలాడాను. "ఎందుకబద్ధం చెప్పారు? అది నేను చేసింది!"

"అబద్దమేటి? రూలెవుడిది?"

"మీదే."

"మరి? నా రూలే నీ సెయ్యట్టుకుని ఆపినాది. పాత రూలు నెత్తిన పెట్టినోడు, అది ఎక్కడ పనికిరాదో కూడా సెప్పాల. నాను సెప్పనేదు."

ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు కదా అన్నాను. "తెలిసినది నోటికి. సెయ్యికి ఎవులు సెప్పినారు?" అన్నారు. మర్నాడు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి స్విచ్చు బోర్డు మీద అంటించారు: తిరిగేదైతే ఆపకు, తిరగనిదైతే ఉంచకు. అది అంటించిన తర్వాత కూడా స్విచ్చు ముట్టుకునే ముందు నన్ను పైకి చదవమనేవారు. ఎల్‌కేజీ పిల్లలా చదివేదాన్ని.

మాట చర్చిల్లో పాకింది. ఆ మాస్టారికిస్తే ఉన్నది కూడా పోతుందన్నారట. స్టూడియోల వాళ్ళు రావడం తగ్గించారు. ఎలాగూ తగ్గుతున్న పని అది. ఇందులో కాలం వాటా ఎంత, నా వాటా ఎంత అని విడదీయడం నా వల్ల కాదు. బొబ్బిలి వెళ్ళి నిజం చెప్పొస్తానని రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ రైల్వే స్టేషనుదాకా వెళ్ళి తిరిగొచ్చాను.

విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆయన ఉండమంటారేమోనని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అనాలనే కోరుకున్నాను. ఆయన మాత్రం, "యెళ్ళు. ఇక్కడుంటే నేదు అని సెప్పడం ఒక్కటే నేర్సుకుంటావు" అన్నారు. ఇప్పుడు నా పని ఒక కంపెనీ ఫైళ్ళకు రోజూ కాపీలు తీసి పెట్టడం. పోకముందు చేసే పని. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆయన సంతోషించారు. నాకే ఇందులో చేతికేమీ తగలదు.

మాస్టారి పదకొండో రోజు భోజనాలకు నర్సమ్మగారు వచ్చారు. ఇంటి ముందు టెంటు కింద, చివర కుర్చీలో, తెల్లచీరలో కూర్చున్నారు. వచ్చినందుకు పిన్నిగారు ఆవిడ చేతులు పట్టుకున్నారు. నేను వడ్డన మధ్యలో గరిటె దించేసి వెళ్ళి, ఆవిడను మేడ మెట్ల దగ్గరకు తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. ఎవరు తగిలించారో, ఎంతసేపు ఉంచారో, ఎందుకు ఆపలేదో.

ఆవిడ మెట్టు మీద కూర్చున్నారు. నేను ఊహించుకున్నది తిట్లు, లేదా మన్నింపు. ఈ రెండిటికీ సిద్ధపడే ఉన్నాను.

"ఆ వేళ ఆయన్ని ఒక మాటన్నాను" అన్నారు. "ఆ మాటే తగిలీసినాదేమోనని వచ్చినాను. పోనీలే, తప్పు సేసినోడినే అన్నాను కదా అని బస్సులో మనసుకి సెప్పుకుంటా వచ్చినాను. ఇప్పుడు ఆయన కాదంటన్నావు. మరి ఆ మాట ఎక్కడ పెట్టుకోమంటావు తల్లీ?"

నా బరువు దించుకుని ఆవిడ ఒళ్ళో పెట్టాను, అంతే. నేనూ అదే మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. టెంటు కింద ఎవరో పెరుగు పెరుగు అని కేకేస్తున్నారు.

"ఒక్కటైనా గుర్తుందా అమ్మా?" అని అడిగాను చివరికి.

"ముక్కలు."

"ముక్కలే పాడండి."

"సావింటి కాడా?" అన్నారు. తర్వాత టెంటు ఇవతలి చివర ఉన్న పిన్నిగారి వైపు చూశారు. పిన్నిగారు విస్తరాకులు లెక్కపెట్టడం ఆపి, పాడమన్నట్టు తలూపారు.

ఫోను తీసి రికార్డు నొక్కి మెట్టు మీద మా ఇద్దరి మధ్య పెట్టాను. ఆవిడ గొంతు సన్నగా, కొంచెం బొంగురుగా లేచింది. రెండో చరణంలో ఒక మాట దొరకలేదు. ఆవిడ ఆగలేదు. అరచేత్తో మోకాలి మీద మెల్లగా తట్టి, ఆ మాటకు ఎంతసేపు పడుతుందో అంతసేపూ చోటు వదిలి, తర్వాతి మాట అందుకున్నారు. కొంచెం పోయాక ఇంకో మాట దొరకలేదు. మళ్ళీ తట్టారు.